మసి చరిత్రము

తాటాకుపై గంటముతో వ్రాసిన యక్షరము వ్రాసినంతనే కంటికి కనబడదు. ఆకుమీద సన్నని గాడి మాత్రమే పడును. పిమ్మట దానిపై మసి రుద్ది, పైనున్నది గుడ్డతో తుడిచివేసినచో, గాడులలో చిక్కిన మసి నిలిచి యక్షరము నల్లగా తేలును. మన పూర్వుల పురాణములు, శతకములు, వైద్యగ్రంథములు, కరణముల కవిలెకట్టలు అన్నియు ఈ విధముననే చదువ వీలయ్యెను. కాగితము వచ్చిన పిదప గూడ దీపపు మసిని జిగురుతో నూరి చేసిన సిరాయే చిరకాలము లోకమును నడపినది. ఇంతటి యుపకారము చేసిన పదార్థమునకు మన భాషలో దక్కిన గౌరవము మిక్కిలి స్వల్పము. మసి పూసి మారేడుకాయ చేయుట యనగా మోసము. మొగమునకు మసి పూయుట యనగా అవమానము. కాటుక యొక్కటియే కొంత మర్యాద సంపాదించుకొన్నది.

తార్కికులు పొగను మరియొక విధమున వాడుకొనిరి. కొండపై పొగ కనబడినచో అచట నిప్పున్నదని యూహింపవలెనని, వంటయింటిని దృష్టాంతముగా జూపి, అనుమాన ప్రమాణమును శిష్యులకు బోధించిరి. ఆ తర్కమున నిప్పు వస్తువు, పొగ దాని గుర్తు. గుర్తు తన పని తీర్చిన పిదప దాని నెవరును పట్టించుకొనరు గదా! కాళిదాసు మాత్రము మేఘదూతమున మేఘమనగా పొగ, వెలుగు, నీరు, గాలి యను వాని కలయిక యని చెప్పి పొగకు మొదటి స్థానమిచ్చెను. గాలిలో రేణువులు లేనిచో నీటియావిరి మంచుగా గాని మబ్బుగా గాని కూడుకొనదని స్కాట్లండు దేశీయుడగు జాన్ ఐట్‌కెన్ ప్రయోగపూర్వకముగా చూపినది 1880లో. దీనిని బట్టి మన కవి ఆధునిక శాస్త్రమును ముందే చెప్పివేసెనని చంకలు కొట్టుకొనుట తగదు. ఆయన చూపు మాత్రము సరియైన దిక్కుననే యున్నది.

పొయ్యిని విడిచిన మసి మరల నేలను చేరులోపల గాలిలో ఏమి చేయుచున్నది? ఈ ప్రశ్న మనుష్యజాతికి మిక్కిలి యాలస్యముగా తోచినది. నిప్పును చేపట్టి లక్షల యేండ్లు గడచినను, మసిని ఒక ప్రత్యేక పదార్థముగా గాలిలో కొలిచి, దాని పేర వేరుగా ఖాతా తెరచి యించుమించు ఏబది సంవత్సరములే యైనది. ఆ ఖాతా యింకను సరిపడలేదు.

ముందుగా మసి యననేమో తెలియవలెను. కట్టె గాని, పిడక గాని, కిరసనాయిలు గాని, డీజిలు గాని చాలినంత గాలి తగిలి చాలినంత వేడిలో మండినచో అందలి కర్బనమంతయు బొగ్గుపులుసు వాయువుగా మారి కంటికి కనబడకుండ పోవును. గాలి చాలనపుడు కొంత కర్బనము పూర్తిగా కాలక, మిక్కిలి చిన్న గోళములుగా కూడుకొనును. మనిషి తలవెండ్రుక మందమున అట్టివి వేయింటికి పైగా వరుసగా నిలువగలవు. ఆ గోళములు ముత్యాల పేరులవలె ఒకదాని నొకటి అంటుకొని పొగలో తేలిపోవును. శాస్త్రజ్ఞులు దీనికి ‘బ్లాక్ కార్బన్’, అనగా నల్ల కర్బనము, అని పేరు పెట్టిరి. ఇట్లు గాలిలో తేలియాడు సూక్ష్మరేణువుల కన్నింటికిని ‘ఏరోసాల్’ అనునది సామాన్య నామము. పొగలో జిడ్డు, తారు, బూడిద మున్నగునవి కూడ నుండును గాని, ఎండను మ్రింగు నల్లదనము ముఖ్యముగా ఈ కర్బనమునదే. ఒక్క గ్రాము నల్ల కర్బనము గాలిలో చెదరియున్నపుడు సుమారు ఏడున్నర చదరపు మీటర్ల మేర పడు వెలుగును మ్రింగగలదు. తులములో పదవవంతుకంటె కొంచెము తక్కువ బరువునకు ఇంతటి ఆకలి!

ఈ పదార్థము దీపములోనే యుండి దీపమునకు వెలుగిచ్చుచున్నదను సంగతి వినుటకు వింతగా నుండును. హంఫ్రీ డేవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని మొదట గ్రహించెను. ఆయన శిష్యుడు మైకేల్ ఫారడే 1860వ సంవత్సరాంతమున లండను నగరములోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పిల్లల కొరకు క్రొవ్వొత్తినిగూర్చి ఆరు ఉపన్యాసము లిచ్చెను. క్రొవ్వొత్తి మంట పసుపుపచ్చగా ప్రకాశించుటకు కారణము అందులో ఎర్రగా కాలుచున్న కర్బన రేణువులే యని ఆయన చూపెను. తీక్ష్ణమైన మరియొక వెలుగును ఆ మంటపై పడనిచ్చి గోడమీద నీడను చూపినచో, మంటలో అన్నింటికంటె వెలుగైన భాగమే నీడలో అన్నింటికంటె నల్లగా కనబడెను. ఆ రేణువులు మంటచివరకు చేరునప్పటికి కాలిపోయినచో దీపము శుభ్రము. కాలక తప్పించుకొన్నచో మసి. ఫారడే దమ్మిడీ ఖర్చులేని సామగ్రితో చెప్పిన ఈ పాఠమును మించిన పాఠము మసినిగూర్చి నేటికిని లేదు.

మన ఊళ్లలో చిమ్నీ లేని కిరసనాయిలు బుడ్డిదీపములముందు కూర్చుండి చదువుకొన్న తరములవారికి ఉదయమున ముక్కుపుటములలో మసి కనబడుట అనుభవమే. 2012లో కొందరు శాస్త్రజ్ఞులు అట్టి దీపములను ప్రయోగశాలలోను ఇండ్లలోను పరీక్షించిరి. కాల్చిన కిరసనాయిలులో నూటికి ఏడు మొదలు తొమ్మిది పాళ్లు బరువు నల్ల కర్బనముగా గాలిలోనికి పోవుచున్నదని తేలెను. అనగా కిలో నూనెకు 70 మొదలు 90 గ్రాములు. అంతకుముందు వేసిన అంచనాలకు ఇది ఇరువది రెట్లు. ఇంత చిన్న వస్తువును ఇంతకాలము సరిగా తూచినవారే లేకపోయిరి.

మసిమీద గట్టి ఫిర్యాదు లండను నగరమునుండి వచ్చినది. అచట కట్టె కరవై, ఓడలపై వచ్చు రాతిబొగ్గును కాల్చుట మొదలిడిన పిదప పొగ నగరమును కప్పివేసెను. జాన్ ఎవెలిన్ అను గ్రంథకర్త 1661లో ‘ఫ్యూమిఫ్యూజియమ్’ అను చిన్న పుస్తకమును వ్రాసి రెండవ ఛార్లెస్ రాజున కర్పించెను. పొగగ్రక్కు కర్మశాలలను ఊరిబయటికి తరలించి, నగరముచుట్టు సుగంధవృక్షములను నాటవలెనని ఆయన సలహా. రాజు విని సంతోషించెనట. పొగ మాత్రము తగ్గలేదు. 1775లో పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు, చిన్నతనమున పొగగూళ్లలో దూరి మసి తుడిచిన పేదబాలురకు పెద్దయైన పిదప వచ్చు క్యాన్సరునకు ఆ మసియే కారణమని వెల్లడించెను. చేయుపనివలన క్యాన్సరు వచ్చునని లోకము తెలిసికొన్నది అప్పుడే.

అయినను ఫిర్యాదు వేరు, కొలత వేరు. ఎంత పొగ? దీనికి సమాధానము చెప్ప యత్నించినవాడు పారిసు నగరమున వ్యవసాయయంత్రముల ఆచార్యుడగు మాక్సిమిలియన్ రింగెల్‌మన్. 1888లో ఆయన తెల్లని అట్టలపై నల్లని గళ్లు గీసి, ఒకదానికంటె ఒకటి దట్టముగా, నూటికి 20, 40, 60, 80 పాళ్లు నలుపుండునట్లు ఏర్పరచెను. అట్టలను దూరమున నిలిపి చూచినచో గళ్లు కలిసి బూడిదరంగుగా కనబడును. పొగగొట్టమునుండి వెడలు పొగతో వానిని సరిపోల్చి, ఇది ‘రెండవ నంబరు’ పొగ, ఇది ‘నాలుగవ నంబరు’ పొగ అని వ్రాసికొనుటయే. పొలము గట్టుపై నిలిచి పైరు ఆనవాలు వ్రాసికొనుటకంటె ఇది కష్టమైన పని కాదు. ఇది కంటి అంచనా మాత్రమే. అయినను ఫ్యాక్టరీలపై కేసులు పెట్టుటకు అనేక దేశములలో ఆ అట్టలే ఆధారమయ్యెను. తరువాత బ్రిటనులో జాన్ స్విట్జర్ ఓవెన్స్ అను నాతడు తెల్లని వడపోత కాగితముగుండ గాలిని లాగి, కాగితము నల్లబడినంతను బట్టి మసిని లెక్కగట్టు పరికరమును చేసెను. 1925లో ఆయనయు, వాతావరణ శాస్త్రజ్ఞుడగు నేపియర్ షాయు కలిసి మహానగరముల పొగ సమస్యపై గ్రంథమును ప్రకటించిరి. కాగితము నల్లబడుట, దానిని కొలుచుట అను ఈ ఉపాయమే ముందుముందు ఎట్లు పెరిగినదో చదువరులు చూడగలరు.

1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవరకు లండనులో గాలి కదలక, మంచును పొగయు కలిసి ఎదుటి మనిషి కనబడనంతగా క్రమ్మెను. ఆ దినములలోను ఆ వెంటనేయు సుమారు 4,000 మంది అదనముగా మరణించిరని ప్రభుత్వమువారు చెప్పిరి. తరువాతి పరిశోధకులు మరికొన్ని నెలల లెక్కలను కలిపి 12,000 వరకు నుండునని తేల్చిరి. దాని ఫలితముగా 1956లో అచట స్వచ్ఛవాయు చట్టము పుట్టినది. ఇండ్లలో పొగలేని ఇంధనములు వచ్చినవి; గోడలు తెల్లబడినవి. అంతటితో మసి సంగతి తీరిపోయినదని పెద్దలు తలచిరి. పరిశోధన యంతయు కంటికి కనబడని గంధకపు వాయువులవైపు, సూర్యరశ్మిచే పుట్టు క్రొత్త విషములవైపు మరలెను. నల్లని పొగ చూడ అసహ్యమైనది కావున మొదట దొరకినది. కనబడకుండ పోగానే మరపునకు వచ్చినది.

ఇంతలో మనుష్యులే లేని చోట మసి కనబడుచుండెను. స్వీడను వాసి నోర్డెన్షియోల్డ్ 1870లో గ్రీన్‌లాండు మంచుమీద ప్రయాణించుచు, తెల్లని మంచులో చిన్న చిన్న గుంటలు, వాని యడుగున నల్లని పొడి యుండుట చూచి, దానికి ‘క్రయోకొనైట్’, అనగా మంచుధూళి, అని పేరు పెట్టెను. నల్లని పొడి ఎండను త్రాగి వేడెక్కి తన క్రింది మంచును కరిగించుకొనుచు లోపలికి దిగుచున్నది. ఆ పొడిలో మట్టి, సూక్ష్మజీవులు, కొంత మసియు నుండునని నేడు తెలియును. 1950 దశకమున అమెరికా వాతావరణ పరిశీలక విమానములు ఉత్తరధ్రువ ప్రాంతమున ఎగురుచుండగా, ఎంతో నిర్మలముగా నుండవలసిన ఆకాశమున పొరలు పొరలుగా మబ్బువంటి మసక కనబడెను. మర్రే మిచెల్ దీనిని 1957లో వర్ణించెను. ఊళ్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. ఈ మసక ఎచటిది? సమాధానమునకు ఇరువది యేండ్లు పట్టినది.

యుగోస్లావియా దేశమున 1929లో పుట్టి అమెరికాలో స్థిరపడిన తిహోమిర్ నొవాకోవ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1970 దశకమున కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. లాస్ ఏంజెలెస్ నగరపు మసక యంతయు సూర్యరశ్మిలో వాయువులు కలిసి క్రొత్తగా పుట్టిన పదార్థమని ఆ కాలపు పండితుల నిశ్చయము. నొవాకోవ్ ఆ రేణువులను ఎక్స్‌కిరణములతో పరీక్షించి, అందులో చాలభాగము నేరుగా పొగగొట్టములనుండి వచ్చిన మసియే యని వాదించెను. లండనులో పాతిపెట్టబడినదనుకొన్న శత్రువు కాలిఫోర్నియాలో బ్రతికి యున్నాడని చెప్పినచో నమ్ముట కష్టమే గదా! ఆయన సహచరుడు హాల్ రోసెన్ ఆ రేణువులపై కాంతిని ప్రసరింపజేసి, చెదరి వచ్చిన కాంతిలో మసి కర్బనపు ప్రత్యేక లక్షణమును పట్టుకొనెను. ఇచట ఉపయోగపడినది మన సర్ సి. వి. రామన్ 1928లో కనిపెట్టిన ఫలితమే. రామన్ బాల్యమున విశాఖపట్టణమున చదివి మెట్రిక్యులేషను ముగించినవాడని ఈ సందర్భమున జ్ఞాపకము చేసికొనుట అప్రస్తుతము కాదనుకొందము. ఇదే పద్ధతులతో వీరు ధ్రువప్రాంతపు మసకను పరీక్షింపగా, అందులోను మసి కనబడెను. యూరపు, ఆసియా ఖండముల పొగ వేలకొలది మైళ్లు ప్రయాణముచేసి మంచుమీదికి చేరుచున్నదని 1980ల ఆరంభమునకు రూఢియయ్యెను.

ఆ బృందములోనివాడే ఆంథొనీ హాన్సెన్ అను నాతడు ‘ఏథలోమీటర్’ అను యంత్రమును రూపొందించెను. మసిబార్చుట యను అర్థముగల గ్రీకు మాటనుండి ఆ పేరు పుట్టినది. ఓవెన్స్ కాగితమే ఇచట గాజునారవంటి పట్టీగా మారినది. పంపు గాలిని పట్టీగుండ లాగుచుండును. పట్టీకి ఒకవైపు దీపము, రెండవవైపు వెలుగును కొలుచు కన్ను. మసి పట్టినకొలది వెలుగు తగ్గును. తగ్గుదలనుబట్టి ఘనపు మీటరు గాలిలో ఎంత మసి యున్నదో యంత్రమే రేయింబవళ్లు వ్రాసికొనును. ఇస్రో సంస్థవారు దేశమంతట నెలకొల్పిన ఏరోసాల్ పరిశీలన కేంద్రముల వరుసలో అనంతపురము, విశాఖపట్టణము, హైదరాబాదు కూడ చేరినవి.

కొలత కుదిరిన పిదప పాత లెక్కలను తిరుగవేయుట సాధ్యమైనది. గ్రీన్‌లాండులో ఏటేట కురిసిన మంచు పొరలుపొరలుగా నిలిచియుండును. 2007లో మక్కన్నెల్ మొదలగువారు అట్టి మంచును లోతువరకు స్తంభముగా తొలిచితీసి, 1788 మొదలు 2002 వరకు ప్రతి సంవత్సరపు పొరలోని మసిని కొలిచి ప్రకటించిరి. 1850 తరువాత మసి పెరుగనారంభించి ఏడురెట్లయినది. 1906 మొదలు 1910 వరకు అత్యధికము. అప్పటి వేసవి తొలిదినములలో ఈ మసివలన ధ్రువప్రాంతపు మంచుపై పడిన అదనపు వేడి చదరపు మీటరుకు సుమారు 3 వాట్లు. యంత్రయుగమునకు ముందున్నదానికి ఎనిమిదిరెట్లు. 1951 తరువాత తగ్గెను. ఏ యేడు ఎవరెంత బొగ్గు కాల్చిరో మంచు పొల్లుపోకుండ వ్రాసియుంచిన కవిలె యిది.

అట్లని మంచు కరిగినచోటనెల్ల మసిని దోషిగా నిలుపరాదు. ఆల్ప్స్ పర్వతములలో హిమానీనదములు 1860 ప్రాంతమున వెనుదీయుటకు ఫ్యాక్టరీల మసియే కారణమని 2013లో ఒక బృందము వ్రాసెను. 2018లో మరియొక బృందము అచటి మంచును పొరపొరగా పరీక్షించి, మంచు తగ్గుట ముందు, మసి పెరుగుట తరువాత, అని చూపెను. తేదీలు కుదురని దావా నిలువదు.

మసి వాతావరణమునే మార్చగలదను భావము సామాన్యజనులకు చేరినది వేరొక భయంకరమైన ద్వారమున. 1982లో పాల్ క్రుట్సెన్, జాన్ బర్క్స్ అనువారు అణుయుద్ధము జరిగినచో అడవులు నగరములు తగులబడి, లేచిన మసి నడిమధ్యాహ్నమున సూర్యుని కప్పివేయునని లెక్కగట్టిరి. మరుసటి సంవత్సరము అమెరికా శాస్త్రజ్ఞులు ఐదుగురు దానిని విస్తరించి, పంటలు పండని ‘అణుశీతకాలము’ వచ్చునని హెచ్చరించిరి. ఆ విపత్తు జరుగలేదు. ఆ లెక్కలకై తయారుచేసిన సాధనములు మాత్రము నిత్యము లేచు పొగను పరిశీలించుటకు పనికివచ్చినవి.

ఇక మన సముద్రమునకు వత్తము. వీరభద్రన్ రామనాథన్ తమిళదేశమున పుట్టి, ఇంజనీరింగు చదివి, మొదట సికింద్రాబాదులో రిఫ్రిజిరేటర్ల కంపెనీలో ఉద్యోగించెను. శీతలీకరణ వాయువు యంత్రములనుండి కారిపోకుండ చూచుట ఆయన పని. ఆ వాయువులే భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువును వేలరెట్లు మించునని 1975లో అమెరికానుండి లోకమునకు తెల్పినది ఆయనయే. ఆయన, క్రుట్సెన్, మన దేశపు అశేష ప్రసాద మిత్ర మొదలగువారి నాయకత్వమున 1999 జనవరి మొదలు మార్చి వరకు హిందూ మహాసముద్రముపై ‘ఇండోయెక్స్’ అను మహాపరిశోధన జరిగెను. విమానములు, ఉపగ్రహములు, మన ‘సాగరకన్య’ మొదలగు ఓడలు, మాల్దీవులలోని ఒక ద్వీపమున కేంద్రము పాల్గొనెను. శీతకాలపు గాలి భూమినుండి సముద్రముపైకి వీచునపుడు దక్షిణాసియా పొగయంతయు మూడు కిలోమీటర్ల ఎత్తు పొరగా సముద్రమును కప్పుచుండుట వారు చూచిరి. అందలి సన్నని రేణువుల బరువులో నల్ల కర్బనము పదవవంతుకు పైచిలుకు. సముద్రమును చేరు ఎండ కొన్నిచోట్ల పదవవంతు వరకు తగ్గినది.

ఇచట మసి చేయు చమత్కారమును నిదానించి చూడవలెను. తెల్లని ధూళి ఎండను ఆకాశమునకు తిరుగగొట్టి భూమిని చల్లబరచును. మసి అట్లు కాదు. క్రింద నేలకు, నీటికి రావలసిన ఎండను దారిలోనే కాజేసి, తానున్న గాలిపొరను వేడెక్కించును. క్రింద చలువ, పైన వేడి. సముద్రము చల్లబడినచో ఆవిరి తగ్గును. గాలి పైకి లేచుటయు మందగించును. వానలకు ఆధారమే ఈ ఆవిరి, ఈ లేచుట. కావున పొగపొరవలన నైరుతి ఋతుపవనము బలహీనపడునని రామనాథన్ ప్రభృతులు 2005లో వ్రాసిరి. హిమాలయపు దక్షిణపు వాలున చేరిన మసి, ధూళి వేడెక్కి గాలిని పైకి లాగి, తొలకరిని ముందుగానే బలముగా రప్పించునని 2006లో లౌ మొదలగువారు వాదించిరి. రెండును పండితవాక్యములే. వానపై ఆధారపడి విత్తనము చల్లు రైతునకు ఈ వివాదము పుస్తకములలోనిది కాదు; అయినను నేటికిని సంపూర్ణముగా తీరలేదు.

అంతకంటె తీవ్రమైన వివాదము మరియొకటి లేచినది. 2002 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ‘ఆసియా గోధుమ మేఘము’ అను పేరుతో నివేదికను ప్రకటించెను. పత్రికలు ఆసియా పేదల పొయ్యిలే లోకమునకు ముప్పు తెచ్చుచున్నవన్నట్లు వ్రాసినవి. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ గారలు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో దీనిని నిష్కర్షగా విమర్శించిరి. మూడునెలల కొలతను ఏడాది పొడుగునకు అన్వయింపరాదనియు, వానలపై చెప్పిన ఫలితములు లెక్కలేగాని చూచినవి కావనియు వారి వాదసారము. తరువాత ఆ పేరులో ‘ఆసియా’ తొలగి ‘వాతావరణపు గోధుమ మేఘములు’ అయినది. వందయేండ్లు బొగ్గు కాల్చి ధ్రువప్రాంతపు మంచును నల్లబరచినవారి పేర ఏ మేఘమును వెలయలేదు గదా యని మనవారికి తోచుటలో తప్పులేదు. అయినను మాట పడనంతమాత్రమున పొగ లేకపోదు. ఆ మసి ఎవరిదను ప్రశ్నకు జవాబు కావలసియే యుండెను.

బొంబాయి ఐ.ఐ.టి.లోని చంద్రా వెంకటరామన్ గారు 2005లో దక్షిణాసియా మసిలో పెద్దపాలు వంటచెరకుదేనని లెక్కగట్టిరి. 2009లో స్వీడను దేశపు గుస్టాఫ్సన్ మొదలగువారు మరియొక ప్రమాణమును తెచ్చిరి. చెట్టు గాలినుండి గ్రహించు కర్బనములో ‘కార్బన్-14’ అనునది మిక్కిలి స్వల్పముగా నుండును. భూగర్భమున కోట్ల యేండ్లున్న రాతిబొగ్గు, పెట్రోలియములలో అది పూర్తిగా క్షీణించి పోయియుండును. కావున మసిలో కార్బన్-14 ఎంతయున్నదో చూచినచో, అందులో కట్టె, పిడక, గడ్డి పాలు ఎంత, డీజిలు, బొగ్గు పాలు ఎంత యని వేరుచేయవచ్చును. మాల్దీవులలోను, పూనా సమీపమున సింహగడ్ కొండపైనను పట్టిన మసిని ఇట్లు పరీక్షింపగా, విడదీసిన పద్ధతినిబట్టి దాదాపు సగము మొదలు మూడింట రెండుపాళ్ల వరకు కట్టె మొదలగువానిదని తేలెను. తక్కినది బొగ్గుది, నూనెలది. అనగా పొయ్యియు లారీయు ఇంచుమించు సమాన భాగస్వాములు.

2010 మార్చి 17న హైదరాబాదులో టాటా మూలపరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రమునుండి ఏథలోమీటరును పెద్ద బెలూనుకు కట్టి పైకి పంపిరి. తిరువనంతపురపు ఇస్రో శాస్త్రజ్ఞుల ప్రయోగమిది. ఎత్తునకు పోయినకొలది మసి తగ్గుననుకొనుట సహజము. కాని నాలుగున్నర కిలోమీటర్ల యొద్ద ఒకటి, ఎనిమిది కిలోమీటర్లపైన ఒకటి, దట్టమైన మసిపొరలు కనబడినవి. మసి తన చుట్టు గాలిని వేడిచేసి, ఆ వేడి ఆసరాతోనే పైన నిలువగలుగుచున్నదని వారు ఊహించిరి. మన నెత్తిపైననే యిట్టి అటకలున్నవని అంతకుముందు తెలియదు.

ఇక మొత్తముమీద మసి భూగోళమును ఎంత వేడెక్కించుచున్నది? 2013లో ముప్పదిమందికి పైగా శాస్త్రజ్ఞులు కలిసి, నాలుగు సంవత్సరములు శ్రమించి, చదరపు మీటరుకు 1.1 వాట్లని నిర్ణయించిరి. కాని అది 0.17 మొదలు 2.1 వరకు ఎంతైన కావచ్చునని నిజాయితీగా చేర్చిరి. బొగ్గుపులుసు వాయువు తరువాత రెండవ స్థానము మసిదే యని పత్రికలు చాటినవి. 2021లో అంతర్జాతీయ వాతావరణ సంఘము తన ఆరవ నివేదికలో దీనిని సుమారు 0.1 వాటుకు దించివేసెను. అది సున్నకు దిగువన గూడ నుండవచ్చుననెను. బొగ్గుపులుసు వాయువుది అదే నివేదికలో 2.16. ఎనిమిదేండ్లలో పదింట ఒక వంతుకు పడిపోయిన లెక్కను చూచి శాస్త్రమును పరిహసించువా రుందురు. మసి ఎండను మ్రింగుట యబద్ధము కాలేదు. మంచుమీద దాని పని తగ్గలేదు. మసివలన వేడెక్కిన గాలిలో మబ్బులు మారి, ఆ మార్పు చాలవరకు వేడిని రద్దుచేయుచున్నదని తరువాత తెలిసినది. పద్దు సరియైనదే, ఎదుటి పద్దు అప్పటివరకు ఖాతాలో ఎక్కలేదు. పైగా పొయ్యి పొగలో మసితోపాటు ఎండను తిరుగగొట్టు తెల్లని రేణువులు కూడ నుండును. పొయ్యి నార్పినచో రెండును పోవును. కావున పల్లెల పొయ్యిలనార్పి లోకపు వేడిని చల్లార్చెదమని చెప్పినవారి యాశ చాలవరకు సన్నగిల్లినది.

అయినను పొయ్యిని మార్చవలసిన కారణము వేరొకటి ముందునుండియు ఉన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2020లో ఇంటి పొగవలన లోకమున 32 లక్షలమంది మరణించిరి. ఇందు మబ్బుల వివాదము లేదు. పొయ్యిముందు కూర్చుండి గొట్టముతో ఊదునది ఎవరో, ఆమె ఒడిలో నుండునది ఎవరో అందరెరిగినదే. భారత ప్రభుత్వము 1983లో మెరుగుపరచిన పొయ్యిల పథకము నారంభించి 2002లో ముగించెను. మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టించిరి. వానిలో ఎన్నో యేడాది రెండేండ్లకే పగిలిపోయినవి, లేదా వంటకు కుదురక మూలబడినవి. ఇండోయెక్స్ పరిశోధన జరిగిన 1999లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘దీపం’ అను పథకమున పేదస్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చుట మొదలిడెను. 2016లో కేంద్రప్రభుత్వము ‘ఉజ్జ్వల’ పేర దేశమంతట ఇచ్చెను. బండ ఇంటికి వచ్చినది. అది ఖాళీయైనపుడు మరల నింపించుకొనుటకు రూకలు చాలని యిండ్లలో పెరటిపొయ్యి నేటికిని నిలిచియున్నది. కాగునీళ్లు, పశువుల కుడితి, పెద్దవంట దానిపైననే సాగుచున్నవి.

మసి గాలిలో నిలుచునది కొద్ది దినములు మాత్రమే. సాధారణముగా నాలుగు మొదలు పండ్రెండు దినములలో వానకో మంచుకో చిక్కి నేలబడును. బొగ్గుపులుసు వాయువు అట్లు కాదు, శతాబ్దముల తరబడి నిలుచును. గ్రీన్‌లాండు మంచులో 1951 తరువాత మసి తగ్గుటకు తరములు వేచియుండవలసిన పని లేకపోయినది. కొలుములును పొయ్యిలును మార్చినవెంటనే మీది పొరలు తేటపడినవి. 1906 నాటి పొర మాత్రము ఆ స్తంభములో తన స్థానమున నల్లగానే యున్నది.